దొంగ పలకలతో మా చదువు

మ్యూజియం ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, అక్కడ ఏం చేస్తావని మా అత్తగారు అడిగారు. పాత బొమ్మలకు ఏం జబ్బు చేసిందో, రంగుల అడుగున ఏముందో, కోయకుండా గోకకుండా చూస్తామన్నాను. ఆవిడ సాయంత్రానికల్లా రాజమండ్రిలో మా వీధి వీధంతా ‘మా కోడలు బొమ్మల డాక్టరు’ అని చాటింపు వేసేశారు. మర్నాడు పొద్దున్నే పక్కింటి పాప, చెయ్యి ఊడిన ప్లాస్టిక్ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని మా గుమ్మంలో కూర్చుంది. చెయ్యి అతికించి పంపాను. నా ఉద్యోగం మొత్తంలో అంత తృప్తిగా ఇంటికెళ్ళిన పేషెంటు మరొకరు లేరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సభల్లో కప్పిన శాలువల గురించి రాయను. ఆ శాలువలు నాకే పనికిరాలేదు, మా ఊళ్ళో చలెక్కడిది! మీకు పనికొచ్చేది మేం పడిన తిప్పలు, నవ్విన నవ్వులు. నిజం చెప్పాలంటే ఇంత నవ్వుకునే ఉద్యోగానికి గవర్నమెంటు జీతం కూడా ఇస్తుందంటే నాకు చివరిదాకా ఆశ్చర్యంగానే ఉండేది.

పలక పుట్టుక

డాక్టరు చదివేవాళ్ళకు కోసి చూడడానికి శవాలుంటాయి. కొత్తగా కత్తి పట్టిన మంగలికి ఎవరో ఒక బావమరిది తల దొరుకుతుంది. మాకు మాత్రం వందల ఏళ్ళనాటి బొమ్మ మీద చెయ్యి తిప్పుకునే వీలులేదు. అందుకని నేర్చుకోవడానికి బొమ్మలు మేమే తయారు చేసుకునేవాళ్ళం. పనస చెక్క పలక తీసుకుని, చింతగింజల జిగురు పట్టించి, సుద్ద పూసి, కాటుకతో గీతలు గీసి, పాతకాలపు రంగులు వేసి, ఆ పైన కావాలని వేరే బొమ్మ వేసి లోపలిదాన్ని కప్పేసేవాళ్ళం. ఏ పొరలో ఏం వేశామో అంతా రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఆ పలక చేసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు దాన్ని దీపాలతో, కెమెరాలతో, ఎక్స్‌రేతో పరీక్షించి లోపల ఏముందో చెప్పాలి. చెప్పింది తప్పో ఒప్పో వెంటనే తేలిపోతుంది. అసలు బొమ్మ దగ్గర ఆ సుఖం లేదు, మన తప్పును చెప్పేవాడు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాడు.

వీటికి మేం పెట్టుకున్న ముద్దుపేరు దొంగ పలకలు. కొత్తగా మెరిసిపోతుంటే ఉపయోగం లేదు కాబట్టి వాటిని ముసలివాటిని చెయ్యాలి. కొన్నిటిని మేడమీద ఎండలో పడేశాం. కొన్నిటిని ల్యాబు వెనక ఇడ్లీ హోటల్ వంటింట్లో పొయ్యి పైన వేలాడదీశాం. ఆ హోటలాయన పొగలో నల్లబడుతున్న పలకలకు రోజూ అగరొత్తులు వెలిగించేవాడు. అది దేవుడు కాదండి అని నేను చెబితే, “మీకు తెలీదు లెండి మేడమ్, ఇవి వచ్చిన కాణ్ణించీ సాంబారు మిగల్టం లేదు” అన్నాడు. పలకలు తిరిగి తెచ్చుకోవడానికి నానా బతిమాలుళ్ళూ అయ్యాయి.

మా పెద్దసారు, తెల్ల మచ్చ

మా పెద్దసారు పేరు నరసింహమూర్తి గారు. శాస్త్రం దగ్గర మహా పట్టుదల మనిషి. పలకలో ఏం కలిపినా రాయమనేవారు. “చిటికెడైనా సరే, గాల్లో ఎగిరొచ్చి పడ్డ దుమ్మైనా సరే, రాయండి. రాయని పలక పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు” అని రోజుకోసారైనా అనందే ఆయనకు కాఫీ దిగేది కాదు.

ఒక దఫా చేసిన పలకలను ఎక్స్‌రే తీయించడానికి ఎముకల డాక్టరు గారి క్లినిక్కు తీసుకెళ్ళాం. మాకు సొంత మిషను అప్పటికింకా లేదు. అక్కడి టెక్నీషియన్ అలవాటు కొద్దీ పలకను బల్ల మీద పడుకోబెట్టి, గదిలోంచి బయటకొచ్చి, “ఊపిరి బిగబట్టండి!” అని కేకేశాడు. బయట బెంచీ మీద కట్లు కట్టుకుని కూర్చున్న పేషెంట్లందరూ బిగబట్టారు.

ఫిల్ములు కడిగి చూస్తే, ప్రతి పలకలోనూ పైన నడిమధ్యన గుండ్రంగా ఒక తెల్ల మచ్చ. మా రాతల్లో అలాంటిది ఏదీ లేదు. మేకు అన్నారు కొందరు పిల్లలు. పురుగు తొలిచిన కన్నంలో సీసం పోశారన్నారు ఇంకొందరు. ఒక అమ్మాయైతే, ఇది పాతకాలంలో వడ్రంగులు రహస్యంగా పెట్టుకునే గుర్తు అని రెండు పేజీల వ్యాసం రాసింది. పాతకాలం ఏంటే తల్లీ, ఆ పలకలు కోసింది మొన్న వేసంగిలో! అయినా ఆ వ్యాసం ఎంత బాగుందంటే కాసేపు నేనూ నమ్మాను.

కొత్త పలకలు వచ్చిన రోజున ఏదో సంతకం కోసం పెద్దసారు గదిలోకి వెళ్ళాను. ఆయన చెప్పులు విప్పి, పలకలను వరసగా గోడకు నిలబెట్టి, ఆంజనేయస్వామి గుడి సింధూరం పొట్లం చేత్తో పట్టుకుని, ఒక్కో దానికీ బొట్టు పెడుతున్నారు. సింధూరంలో సీసం ఉంటుంది. పైన సుద్ద పూశాక బొట్టు కంటికి కనబడదు గానీ, సీసాన్ని దాటి ఎక్స్‌రే పోదు. తెల్ల మచ్చ అదే.

“సార్! ఈ బొట్టు కోసమే మేమందరం జుట్టు పీక్కుంటున్నామండి!”

“బొట్టు పెట్టకుండా కొత్త వస్తువు మీద చెయ్యెలా వేస్తాం శారదా?”

“మరి రాయలేదేంటండి?”

ఆయన నావంక నిజంగా అర్థంకానట్టు చూశారు. “బొట్టు కూడా రాస్తారా ఎవరైనా?”

నేను నవ్వు ఆపుకోలేక అక్కడే కుర్చీలో కూలబడ్డాను. కాసేపటికి ఆయనా మొదలెట్టారు. ఇద్దరం కళ్ళు తుడుచుకుంటుంటే అటెండరు తలుపు తీసి, ఎవరో పోయారనుకుని, మెల్లగా మళ్ళీ వేసేశాడు.

నా మాటగా ఇది గుర్తుపెట్టుకోండి. మనం కావాలని చేసేది రాస్తాం. చెయ్యకుండా ఉండలేనిది రాయం, ఎందుకంటే అది చేస్తున్నట్టే మనకు తెలియదు. పాత బొమ్మల్లో సగం చిక్కులు అలాంటివాటివల్లే. ఇక పెద్దసారైతే బొట్టు మానలేదు. కాకపోతే ఆ తరువాతి పలకల వివరాల్లో మొట్టమొదటి పదార్థం ‘సింధూరం, సుమారుగా’ అని ఉండేది.

రాజు గారింటి గరుత్మంతుడు

తొంభైల చివర్లో భీమవరం దగ్గర ఒక ఊరినుంచి మాకు కబురొచ్చింది. ఊరిపేరు చెప్పను. గుడి ధర్మకర్త సత్యనారాయణరాజు గారు, రొయ్యల చెరువులున్న ఆసామి. ఆ ఇంటి మర్యాద మాటల్లో చెప్పలేం. గుమ్మంలో అడ్డంగా పడుకున్న కుక్కను కూడా ఆయన “కాస్త పక్కకు జరగండి” అని దాటుకు వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ఆ కుక్కా జరిగింది.

ఆ గుడిలో కల్యాణోత్సవానికి స్వామిని ఊరేగించే చెక్క గరుడ వాహనం ఉంది. మనిషెత్తు విగ్రహం. ఏటా కల్యాణానికి ముందు దానికి ఎనామిల్ రంగు వేస్తూ వేస్తూ, పొర మీద పొరతో గరుత్మంతుడు ఏడాదికేడాది లావెక్కుతున్నాడు. రెక్క కింద ఒకచోట పెచ్చు ఊడితే, లోపల వెంట్రుకలంత సన్నటి నల్ల గీతలు కనిపించాయి. వాటిని చూసిన ఒక లెక్చరరు గారే మాకు కబురు చేశారు.

“అదేంటో చూసుకోండి గానీ, తొందరగా చూసుకోవాలండి” అన్నారు రాజు గారు. “కల్యాణం దగ్గరపడిందండి. తణుకులో కార్లకు రంగు కొట్టే ఆయన్ని మాట్లాడేశామండి. పాతదంతా కాస్టిక్ సోడా పెట్టి కడిగేసి, మిషనుతో బంగారు రంగు కొట్టేస్తారండి. అద్దంలా మెరిసిపోద్దండి!”

నరసింహమూర్తి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కాస్టిక్ సోడా పడితే ఆ సన్నగీతలు కాలవలో కలిసిపోతాయి. ఆపమని ఎంత చెప్పినా రాజు గారు నవ్వుతూ “ఆయ్, ఆయ్” అంటున్నారే తప్ప లొంగడం లేదు. పైగా మాకు సరదా కోసం ఇంటి కబురొకటి చెప్పారు. “మా అమ్మగారి చిన్నప్పుడు ఈ గరుత్మంతుడు నవ్వుతుండేవారంటండి! కోరలున్నాయన నవ్వడమేంటండి!” ఇంట్లో అందరూ నవ్వారు.

వాలుకుర్చీలో ఉన్న సుభద్రమ్మ గారు, అంటే వాళ్ళమ్మగారు, నవ్వలేదు. “నవ్వారు. మా నాన్నగారి భుజాలెక్కి చూశాను నేను. కోరలు తరవాత వేసినవి” అన్నారు. ఆగి, గొంతు తగ్గించి, “ఇంతమంది ఇన్నేళ్ళు కాదంటుంటే, కలగాని కన్నానేమోనని ఇప్పుడు నాకే అనుమానంగా ఉంటోంది” అన్నారు.

మా పెద్దసారు ఆవేశంగా, “మేం చూసి చెప్పేస్తామమ్మా!” అన్నారు.

“చెబుతారు. ముసలావిడ సంతోషిస్తుందని నవ్వుతున్నాడనే చెబుతారు. ఇదివరకొకాయన చూసి, లోపల బంగారు రేకుంది, ఇచ్చేయండి పట్టుకుపోతానన్నాడు. చూసేవాళ్ళకి ఏది కావాలో అదే కనబడుద్ది బాబూ.” ఆవిడ నావైపు తిరిగారు. “అమ్మాయిగారూ, ఇందాక మీరేవో దొంగ పలకలు చేసుకుని నేర్చుకుంటామన్నారే, నేనూ ఒకటి చేయిస్తాను. దాన్లో ఏముందో గోకకుండా చెప్పండి. చెబితే మా అబ్బాయి తణుకాయన్ని ఆపేస్తారు. చెప్పలేకపోతే మీరింక రావద్దు.”

రాజు గారు తల ఊపారు. ఆ ఇంట్లో అమ్మగారి మాటకు తిరుగులేదని అప్పుడు తెలిసింది. కాబట్టి సంగతి తేలిపోయింది. వందల ఏళ్ళ గరుత్మంతుడి ప్రాణం ఒక ముసలమ్మ చేయించే దొంగ పలక మీద ఆధారపడింది.

ఎర్ర పలక

మేం మళ్ళీ వెళ్ళేసరికి గుడి పక్కన వాహనాలు దాచే గది జాతరలా ఉంది. రాజు గారి కుటుంబం, చుట్టాలు, చెరువుల మీద పనిచేసేవాళ్ళు, అందరూ అక్కడే. పలకలో ఏముందో సుభద్రమ్మ గారు ఎవరికీ చెప్పలేదట. చేప బొమ్మ అని కొందరు, ముగ్గు అని కొందరు, చనిపోయిన భర్త పేరు అని కొందరు పూతరేకుల పందాలు కాసుకున్నారు.

మాతో వీడియోగ్రాఫర్ బాబ్జీని తెచ్చుకున్నాం. పెళ్ళిళ్ళకు తీసే అతని కెమెరాలో చీకట్లో తీసే మీట ఒకటుండేది. దానికి మామూలు వెలుగును ఆపేసే మా ల్యాబు నల్ల అద్దం బిగిస్తే, పల్చటి రంగు పొరల అడుగునున్న కాటుక గీతలు కనిపిస్తాయి. దాన్ని రాజు గారింటినుంచి తెప్పించిన టీవీకి కలిపాం. గదిలో అందరికీ కనిపిస్తుంది.

ముందు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, అతినీలలోహిత దీపం, అదే అల్ట్రావయొలెట్ దీపం, వేశాను. ఆ వెలుగులో కొన్ని పదార్థాలు వాటంతటవే వెలుగుతాయి. దీపం పలక వైపు తిప్పేలోపే గదంతా కేకలు. ఆడవాళ్ళ పాదాలన్నీ ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ధగధగా మెరుస్తున్నాయి! రాసుకున్న పసుపు మహిమ అది. సబ్బుపొడిలో కలిపే మందు వల్ల మగవాళ్ళ పంచెలు నీలంగా వెలిగాయి. అందరి పళ్ళూ తెల్లగా మెరుస్తుంటే, రాజు గారి నోట్లో మాత్రం ముందు రెండు పళ్ళు నల్లగా ఉన్నాయి. కట్టుడు పళ్ళు వెలగవు.

“ఏమండీ! ఇవి కట్టించుకున్నవా?” అంది చీకట్లోంచి ఆయన భార్య గొంతు. “నాకెప్పుడూ చెప్పలేదేంటండీ!”

“సందర్భం రాలేదండి” అన్నారు రాజు గారు.

ఆ నవ్వులు సద్దుమణిగేలోపు కరెంటు పోయింది. రొయ్యల చెరువు గట్టునుంచి జనరేటరు మోయించుకొచ్చారు. అది దడదడలాడుతుంటే పరీక్ష మొదలెట్టాం.

పలక మీద చెరువు తూములకు కొట్టే ఎర్ర రంగు ఉంది. అతినీలలోహితంలో చూశాను, అంతా ఒకే తీరు. పక్కనుంచి దీపం పెట్టి చూశాను, కుంచె వెంట్రుకల జాడలు తప్ప ఏమీ లేదు. బాబ్జీ కెమెరా పెట్టాడు. టీవీ మీద బూడిదరంగు, మధ్యలో చెక్క ముడి.

“నెమలి మేడమ్!” అన్నాడు బాబ్జీ. “అమ్మవారి ముక్కుపుడక” అన్నారెవరో. చివరికి నరసింహమూర్తి గారు కూడా కళ్ళద్దాలు తుడుచుకుని, “అది పద్మం రేకు కదూ?” అన్నారు. చూడగా చూడగా నాకూ రేకులాగే కనిపించసాగింది. ఏమీ లేదని చెబితే, తీరా అక్కడ ఏదైనా ఉంటే, గరుత్మంతుడు కాలవపాలు.

పెద్దసారును గుమ్మం బయటకు తీసుకెళ్ళాను. “అది చెక్క ముడి సార్. దాని లోపల ఏమీ లేదు.”

“ఏమీ లేని పలక ఎవరు చేస్తారు శారదా? మనం కూడా ఎప్పుడూ చెయ్యలేదే!”

“నాకు కనిపించింది అంతేనండి.”

ఆయన “నువ్వుండు. నేను చెబుతాను. తప్పయితే ఆఫీసరుకు పని రాదనుకుంటారు, అమ్మాయికి కాదు” అని లోపలికి నడిచారు. చాలామంది పై అధికారుల కింద పనిచేశాను. ఒప్పయినప్పుడు ముందుకొచ్చేవాళ్ళే అందరూ. తప్పయ్యేలా ఉన్నప్పుడు ముందుకు నడిచింది ఈయనొక్కరే, అందుకే ఆయన మీద ఎన్ని జోకులు వేసినా నాకు తనివి తీరదు.

“అమ్మా, ఈ పలకలో ఏమీ లేదు. ఒట్టి ఎర్ర రంగు” అన్నారు.

సుభద్రమ్మ గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. ఆపైన నవ్వడం మొదలెట్టారు. వాలుకుర్చీ కూడా ఆవిడతోపాటు ఊగింది. “ఏమీ లేదు బాబూ! పనాయన చేత ఒట్టి రంగే వేయించాను. లేనిదాన్ని లేదనేవాళ్ళు దొరుకుతారా అని చూశాను. ఇంక మీరు ఉందంటే నమ్ముతాను, లేదన్నా నమ్ముతాను.”

పెద్దసారు ఆనందం పట్టలేక పక్కనున్న బాబ్జీని కావలించుకున్నారు. పూతరేకుల పందెం ఎవరూ గెలవలేదు కాబట్టి అందరూ తెప్పించాలని తీర్మానమైంది. ఆ రోజు తర్వాత మా ల్యాబులో ప్రతి దఫాలోనూ ఒక ఖాళీ పలక తప్పకుండా చేశాం. దాని ముందు మా పిల్లలు పడ్డ అవస్థ అసలు బొమ్మల ముందు కూడా పడలేదు.

పాదాలనుంచి పైకి

అర్చకుల వారి అనుమతితో గరుత్మంతుణ్ణి దీపాల మధ్యకు తెచ్చాం. బాబ్జీ కెమెరా పాదాల దగ్గర పెట్టాడు.

“ముఖం చూపించు బాబూ!” అని అందరూ ఒకటే గోల.

“నేను పాదాలనుంచే మొదలెడతానండి. పెళ్ళికొడుకైనా అంతేనండి” అన్నాడు బాబ్జీ. ఆ వరస మారిస్తే చెయ్యి ఆడదట.

ఎనామిల్ పసుపు అడుగున, టీవీ మీద మొదట కాలి అందె కనిపించింది. గవ్వంత గవ్వంత ముత్యాలు, ఒక్కోదానికీ విడిగా గీత. కెమెరా మోకాళ్ళ మీదుగా, నడుముకట్టు మీదుగా, హారం మీదుగా పాకుతోంది. కొన్నిచోట్ల రంగు మందంగా ఉండి ఒట్టి మసక. పెచ్చులూడి రంగు పల్చబడ్డచోట గీతలు నిన్న గీసినంత తేటగా ఉన్నాయి. సుభద్రమ్మ గారు కుర్చీని టీవీకి దగ్గరగా జరిపించుకున్నారు.

ముఖం దగ్గరకు వచ్చేసరికి కోరలు వేసినచోట రంగు మరీ దళసరి. ఎడమ కన్ను కనిపించింది, దాని కింద చిన్న మడత. నోరంతా చీకటి. కుడి చివర మాత్రం ఒక్క గీత. బాబ్జీ కెమెరా ఎంత తిప్పినా అంతకుమించి రాలేదు.

“నవ్వుతున్నారు! నవ్వుతున్నారు!” అని గదంతా ఒక్కసారి లేచింది. రాజు గారు వాహనం ముందే చేతులు జోడించేశారు. పెద్దసారు నావంక చూశారు.

సుభద్రమ్మ గారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. “వాళ్ళు కాదు. అమ్మాయిగారూ, మీరు చెప్పండి. నవ్వుతున్నారా?”

అవునందామని నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు చూస్తే ఎవరికైనా వస్తుంది.

“నోరు కనబడటం లేదండి అమ్మగారూ. కుడి చివరొక్కటే కనబడుతోంది. అది పైకి తిరిగి ఉంది. అంతవరకే చెప్పగలను.”

ఆవిడ టీవీ అద్దం మీద ఆ గీత ఉన్నచోట వేలు పెట్టారు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

“అది చాలమ్మా. మిగతాది నేను చూశాను.”

రాజు గారు తల్లిని చూశారు, టీవీని చూశారు. ఆ రోజుల్లో ఇటుకంత ఉండే తన సెల్‌ఫోను తీసుకుని గబగబా బయటకు నడిచారు. “మీరింక రావద్దండి!” అని తణుకాయన మీద ఆయన అరిచిన అరుపు జనరేటరు మోతను దాటి మాకు వినబడింది. “కారణమేంటని అడుగుతారేంటండీ! మా గరుత్మంతుడు నవ్వుతున్నారండి! మా అమ్మ చూశారండి!”